భాగం – 9: మార్షల్ పెటైన్ – చరిత్రకారుల భిన్న వ్యాఖ్యానాలు

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 వివాదం లేని విషయాలు
9.3 న్యాయస్థానంలో పుట్టిన తొలి వ్యాఖ్యానాలు
9.4 డాలు–కత్తి వాదం: రాబర్ట్ ఆరన్
9.5 పాక్స్టన్ తెచ్చిన మార్పు
9.6 యూదుల విషయంలో విషీ ప్రభుత్వం
9.7 పెటైన్ వ్యక్తిగత బాధ్యత
9.8 ప్రజాభిప్రాయం, జ్ఞాపకం
9.9 భేదాభిప్రాయాలను తూకం వేయడం ఎలా?
9.10 సారాంశం
9.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:

• మార్షల్ పెటైన్ గురించి 1945 నుంచి నేటి వరకు వచ్చిన ముఖ్య వ్యాఖ్యానాలను వివరించగలుగుతారు.
• ఆ వ్యాఖ్యానాలు ఏ ఆధారాల మీద నిలబడ్డాయో, వాటి బలాలు, బలహీనతలు ఏమిటో చర్చించగలుగుతారు.
• ఆధారాలతో తేలే భేదాభిప్రాయానికీ, నైతిక తీర్పులో వచ్చే భేదాభిప్రాయానికీ మధ్య తేడాను గుర్తించగలుగుతారు.

9.1 పరిచయం

వెనకటి భాగంలో మీరు 1940లో ఫ్రాన్స్ ఓటమి గురించి చదివారు. ఆ ఓటమి తరవాత నాలుగేళ్ళపాటు ఫ్రాన్స్‌కు అధినేతగా ఉన్న వ్యక్తి ఫిలిప్ పెటైన్. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ ఆయనను వెర్డూన్ వీరుడని కొనియాడింది. 1945లో అదే ఫ్రాన్స్ ఆయనకు దేశద్రోహ నేరం కింద మరణశిక్ష విధించింది. దేశాన్ని కాపాడటానికి శత్రువుతో సర్దుకుపోయిన ముసలి సైనికుడా ఆయన? ఓటమిని అవకాశంగా తీసుకుని తనకు నచ్చిన నిరంకుశ పాలనను స్థాపించిన రాజకీయ నాయకుడా? ఈ ప్రశ్నకు చరిత్రకారులు ఒకే సమాధానం ఇవ్వలేదు.

ఇటువంటి పాఠం చదివేటప్పుడు విద్యార్థులు తరచుగా ఒక పొరపాటు చేస్తారు. ఒక పక్షం వాదన ఒక పేరా, రెండో పక్షం వాదన మరో పేరా రాసి, చివర 'ఎవరి అభిప్రాయం వారిది' అని ముగిస్తారు. చూడటానికి అది నిష్పక్షపాతంగా ఉంటుంది. కాని రెండు వాదనలకూ సమానమైన ఆధారాలు లేనప్పుడు రెండింటికీ సమాన స్థానం ఇవ్వడం నిష్పక్షపాతం కాదు. పెటైన్ విషయంలో కొన్ని ప్రశ్నలు దాదాపు తేలిపోయాయి. కొన్ని ఇంకా తేలలేదు. ఏవి తేలాయి, ఏవి తేలలేదు, ఎందువల్ల అన్నది గ్రహించడమే ఈ భాగం ఉద్దేశం.

9.2 వివాదం లేని విషయాలు

వ్యాఖ్యానాలలోకి వెళ్ళే ముందు అందరు చరిత్రకారులూ ఒప్పుకొనే విషయాలను గుర్తు చేసుకుందాం.

పెటైన్ 1856లో ఉత్తర ఫ్రాన్స్‌లోని ఒక రైతు కుటుంబంలో పుట్టాడు. 1916లో వెర్డూన్ రక్షణకు నాయకత్వం వహించాడు. 1917లో ఫ్రెంచి సైన్యంలో తిరుగుబాట్లు చెలరేగినప్పుడు సర్వసేనాని అయ్యాడు. కొందరిని శిక్షించినా, సైనికుల సెలవులు, భోజన వసతులు మెరుగుపరిచి, అనవసరమైన దాడులు ఆపి, సైన్యాన్ని మళ్ళీ నిలబెట్టాడు. ప్రాణాల విలువ తెలిసిన సేనాని అన్న పేరు ఆయనకు అప్పుడే వచ్చింది. 1940లో ప్రజలు ఆయనను నమ్మడానికి ఈ పేరే పునాది.

1940 జూన్ 14న జర్మన్లు పారిస్‌లోకి ప్రవేశించారు. జూన్ 16న పెటైన్ ప్రధాని అయ్యాడు. మరునాడే రేడియోలో మాట్లాడుతూ యుద్ధం ఆపక తప్పదని ప్రకటించాడు. జూన్ 18న జనరల్ డీగాల్ లండన్ నుంచి పోరాటం కొనసాగించమని పిలుపునిచ్చాడు. జూన్ 22న జర్మనీతో యుద్ధవిరమణ ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం దేశంలో సుమారు అయిదింట మూడు వంతులు జర్మన్ సైన్యం అధీనంలోకి వెళ్ళింది. దక్షిణ భాగం ఫ్రెంచి ప్రభుత్వం కింద మిగిలింది. నౌకాదళం, వలస రాజ్యాలు కూడా ఆ ప్రభుత్వం చేతిలోనే ఉన్నాయి. దాదాపు 15 లక్షలమంది ఫ్రెంచి సైనికులు బందీలుగా జర్మనీకి తరలిపోయారు. ఆక్రమణ సైన్యం ఖర్చుల కింద రోజుకు 40 కోట్ల ఫ్రాంకులు చెల్లించవలసి వచ్చింది.

1940 జులై 10న విషీ పట్టణంలో సమావేశమైన జాతీయ శాసనసభ 569 ఓట్లతో పెటైన్‌కు సర్వాధికారాలు కట్టబెట్టింది. వ్యతిరేకించినవారు 80 మంది. అప్పటికి ఆయన వయస్సు 84 ఏళ్ళు. గణతంత్రం స్థానంలో 'ఫ్రెంచి రాజ్యం' వచ్చింది. 'స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం' అన్న నినాదం పోయి 'శ్రమ, కుటుంబం, మాతృభూమి' అన్న నినాదం వచ్చింది. ఈ కార్యక్రమానికే 'జాతీయ విప్లవం' అని పేరు పెట్టారు. అక్టోబరు 24న పెటైన్ మోంత్వార్ అనే చోట హిట్లర్‌ను కలిశాడు. అక్టోబరు 30న తాను సహకార మార్గంలో అడుగు పెడుతున్నానని దేశానికి రేడియోలో చెప్పాడు.

1942 నవంబరులో మిత్రరాజ్యాలు ఉత్తర ఆఫ్రికాలో దిగగానే జర్మన్లు దక్షిణ భాగాన్ని కూడా ఆక్రమించారు. 1944 ఆగస్టులో జర్మన్లు పెటైన్‌ను విషీ నుంచి తీసుకుపోయారు. 1945 ఏప్రిల్‌లో ఆయన ఫ్రాన్స్‌కు తిరిగి వచ్చాడు.

9.3 న్యాయస్థానంలో పుట్టిన తొలి వ్యాఖ్యానాలు

పెటైన్ విచారణ 1945 జులై 23న మొదలై ఆగస్టు 15 వరకు సాగింది. మరణశిక్ష విధించిన న్యాయస్థానమే, ఆయన వయస్సు దృష్ట్యా శిక్షను అమలు చేయవద్దని కోరింది. డీగాల్ దాన్ని యావజ్జీవ శిక్షగా మార్చాడు. పెటైన్ 1951లో యూ ద్వీపంలో శిక్ష అనుభవిస్తూ మరణించాడు.

ఈ విచారణ మనకు ఎందుకు ముఖ్యం? తరవాతి ఇరవై ఏళ్ళ చరిత్ర రచన అడిగిన ప్రశ్నలు ఇక్కడే పుట్టాయి. యుద్ధానికి ముందే పెటైన్ గణతంత్రం మీద కుట్ర పన్నాడని నిరూపించడానికి ప్రాసిక్యూషన్ చాలా శ్రమపడింది. అది నిరూపణ కాలేదు. యుద్ధవిరమణ దేశద్రోహమా కాదా అన్న చర్చకు చాలా సమయం పట్టింది. పెటైన్ మొదటి రోజున ఒక ప్రకటన చదివి, తరవాత ఎక్కువ భాగం మౌనంగా ఉండిపోయాడు. శత్రువు ఒత్తిడి మధ్య ప్రజలను కాపాడటానికే తాను అధికారంలో ఉన్నానని, డీగాల్ బయట పోరాడుతుంటే తాను లోపల విముక్తికి దారి సిద్ధం చేశానని ఆ ప్రకటన సారాంశం.

విచారణలో దాదాపు వినిపించని విషయం ఒకటి ఉంది. యూదులపై విషీ ప్రభుత్వం చేసిన చట్టాలు, వారి అరెస్టులు అక్కడ పక్కకు నెట్టివేయబడ్డాయి. కేసు 'జర్మనీకి అమ్ముడుపోయాడా?' అన్న ప్రశ్న చుట్టూ తిరిగింది. 'తన సొంత దేశంలోని మనుషులకు ఏం చేశాడు?' అన్న ప్రశ్నకు చోటు దొరకలేదు. న్యాయస్థానం అడగని ప్రశ్నను చరిత్రకారులు కూడా చాలా కాలం అడగలేదు.

9.4 డాలు–కత్తి వాదం: రాబర్ట్ ఆరన్

1954లో రాబర్ట్ ఆరన్ రాసిన 'విషీ చరిత్ర' వెలువడింది. విషీ పాలన మొత్తాన్ని ఒక వరసలో చెప్పిన తొలి ప్రధాన గ్రంథం ఇదే. ఆరన్ వాదనను క్లుప్తంగా 'డాలు–కత్తి వాదం' అంటారు. డీగాల్ ఫ్రాన్స్‌కు కత్తి అయితే, పెటైన్ డాలు. ఒకరు శత్రువు మీద దెబ్బ వేస్తుంటే, మరొకరు ప్రజల మీద పడే దెబ్బను కాచుకున్నారు. ఈ వాదంలో మరో భాగం కూడా ఉంది. విషీలు రెండు: ఒకటి కాలం గడుపుతూ ప్రతిఘటించిన పెటైన్ విషీ, రెండోది జర్మనీకి లొంగిపోయిన పియర్ లవాల్ విషీ. తప్పులన్నీ రెండోదానివి.

ఆరన్‌ను పెటైన్ పక్షపాతి అని కొట్టివేయడం సరికాదు. ఆయన యూదు కుటుంబానికి చెందినవాడు. రచయిత పుట్టుకను బట్టి వ్యాఖ్యానాన్ని ఊహించకూడదనడానికి ఇది మంచి ఉదాహరణ. అయితే ఆయన గ్రంథంలోని బలహీనత ఎక్కడుంది? ఆధారాలలో ఉంది. ప్రభుత్వ దస్తావేజులు అప్పటికి పరిశోధకులకు అందుబాటులో లేవు. ఆయన ప్రధానంగా విచారణల రికార్డుల మీద, మాజీ అధికారులు చెప్పిన మాటల మీద ఆధారపడ్డాడు. ఆ అధికారులలో చాలామంది తమను తాము కాపాడుకోవలసిన స్థితిలో ఉన్నవారు. 1945లో, 1950లో కూర్చుని 1940 నాటి తమ ఉద్దేశాలను వివరించారు. ఎవరు గెలిచారో తెలిసిన తరవాత చెప్పిన ఉద్దేశాలవి.

ఈ వాదం అంత కాలం ఎందుకు నిలిచింది అన్న ప్రశ్న కూడా వేసుకోండి. దేశమంతా ప్రతిఘటించింది, ద్రోహులు కొద్దిమందే అని డీగాల్ అనుచరులు చెప్పారు. పెటైన్ కూడా లోలోపల ప్రతిఘటించినవాడే అని ఆరన్ చెప్పాడు. రెండు కథనాలూ విరుద్ధంగా కనిపించినా, రెండింటిలోనూ ఫ్రెంచి సమాజానికి, పాలనా యంత్రాంగానికి ఊరట ఉంది. 1951, 1953 సంవత్సరాలలో క్షమాభిక్ష చట్టాలు చేసి గాయం మాన్చుకోవాలనుకొన్న దేశానికి ఆ ఊరట అవసరమైంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
1. డాలు–కత్తి వాదం అంటే ఏమిటి?
2. ఆరన్ వాడిన ఆధారాలలోని ప్రధాన లోపం ఏమిటి?

9.5 పాక్స్టన్ తెచ్చిన మార్పు

ఈ చిత్రం ఒక్కసారిగా మారలేదు. స్టాన్లీ హాఫ్‌మన్ 1956 నుంచే విషీని ఒకే ముద్దగా చూడకూడదని రాస్తూ వచ్చాడు. ప్రభుత్వ ప్రయోజనాల కోసం చేసిన సహకారం వేరు, నాజీ సిద్ధాంతం మీద మక్కువతో చేసిన సహకారం వేరు అన్న విభజన ఆయనదే. జర్మన్ చరిత్రకారుడు ఎబర్‌హార్డ్ యెకెల్ 1966లో జర్మన్ దస్తావేజుల ఆధారంగా హిట్లర్ ఫ్రాన్స్ విధానాన్ని పరిశీలించాడు. అయితే వాదన దిశను మార్చిన గ్రంథం అమెరికన్ చరిత్రకారుడు రాబర్ట్ పాక్స్టన్ 1972లో ప్రచురించిన విషీ ఫ్రాన్స్ అధ్యయనం. మరుసటి ఏడు అది ఫ్రెంచిలోకి వచ్చింది.

ఫ్రెంచి దస్తావేజులు మూసి ఉండటంతో పాక్స్టన్ యుద్ధంలో అమెరికన్లు స్వాధీనం చేసుకొన్న జర్మన్ దస్తావేజులను ఆశ్రయించాడు. విషీ ప్రతినిధులు ఏ రోజు ఏమి అడిగారో, జర్మన్లు ఏమని బదులిచ్చారో ఆ రోజే రాసుకొన్న కాగితాలవి. వాటి నుంచి ఆయన మూడు ముఖ్య నిర్ధారణలు చేశాడు.

మొదటిది: సహకారం కోరినది విషీ. హిట్లర్‌కు ఫ్రాన్స్ నుంచి కావలసింది ప్రశాంతత, సరుకులు, డబ్బు. ఫ్రాన్స్‌ను భాగస్వామిగా చూసే ఉద్దేశం అతనికి పెద్దగా లేదు. జర్మనీ గెలుస్తుందని నమ్మి, కొత్త ఐరోపాలో మంచి చోటు సంపాదించాలని విషీ పదే పదే ప్రయత్నించింది.

రెండోది: 'జాతీయ విప్లవం' జర్మన్లు రుద్దినది కాదు. గణతంత్రం మీద, 1936 నాటి వామపక్ష ప్రభుత్వం మీద చాలా కాలంగా కోపం పెంచుకొన్న ఫ్రెంచివారి సొంత కార్యక్రమం. యుద్ధవిరమణ ఒప్పందంలో రాజ్యాంగాన్ని మార్చమన్న షరతు లేదు.

మూడోది: డాలు కాపాడలేదు. ప్రభుత్వం లేకుండా నేరుగా జర్మన్ పాలనలో ఉన్న దేశాలతో పోల్చితే ఫ్రాన్స్ ప్రజల పరిస్థితి చెప్పుకోదగినంత మెరుగ్గా లేదు. సరుకులు తరలిపోయాయి, ఆహారం కరువైంది. 1943 ఫిబ్రవరిలో నిర్బంధ శ్రమ చట్టం వచ్చింది. మొత్తం మీద ఆరు లక్షలకు పైగా ఫ్రెంచి కార్మికులు జర్మనీకి వెళ్ళవలసి వచ్చింది.

రెండు విషీల వాదం కూడా ఇక్కడ దెబ్బతిన్నది. 1940 డిసెంబరు 13న పెటైన్ లవాల్‌ను పదవి నుంచి తొలగించాడు. పెటైన్ ప్రతిఘటనకు ఇదే పెద్ద సాక్ష్యమని ఆరన్ వంటివారు చెప్పారు. కాని లవాల్ పోయిన తరవాత సహకారం ఆగలేదు. అతని స్థానంలోకి వచ్చిన అడ్మిరల్ దార్లాన్ 1941 మేలో జర్మన్లకు సైనిక సౌకర్యాలు ఇచ్చే ఒడంబడికల దాకా వెళ్ళాడు. మనిషి మారాడు, విధానం మారలేదు.

పాక్స్టన్‌ను కూడా విమర్శనాత్మకంగానే చదవాలి. జర్మన్ కాగితాలకూ సొంత కోణం ఉంటుంది. పారిస్‌లోని జర్మన్ రాయబారి ఆబెట్జ్ సహకార విధానానికి గట్టి సమర్థకుడు. ఫ్రెంచివారు ఎంతో ఉత్సాహంగా ఉన్నారని బెర్లిన్‌కు రాయడం వల్ల అతనికి లాభం ఉంది. కాబట్టి ఆ కాగితాలను మాత్రమే నమ్మితే ప్రమాదం. అయితే తరవాత ఫ్రెంచి దస్తావేజులు క్రమంగా తెరుచుకొన్నాయి. అవి పాక్స్టన్ ప్రధాన నిర్ధారణలను బలపరిచాయే తప్ప కూలగొట్టలేదు. ఒక వ్యాఖ్యానం తాను చూడని ఆధారాల పరీక్షకు కూడా నిలబడటం దాని బలానికి మంచి కొలమానం. ఇంకో విషయం: తన గ్రంథంలోని కొన్ని తీర్పులు మరీ కటువుగా, మరీ విస్తృతంగా ఉన్నాయని, వియత్నాంలో తన దేశం చేస్తున్న యుద్ధం మీది ఏవగింపు వాటిపై ప్రభావం చూపిందని పాక్స్టనే తరవాతి కాలంలో ఒప్పుకొన్నాడు. రాసినవాడి కాలం ఆరన్‌ను తాకినట్లే ఆయననూ తాకింది.

9.6 యూదుల విషయంలో విషీ ప్రభుత్వం

నేటి చర్చ అంతా ఎక్కువగా ఈ అంశం చుట్టూనే ఉంది. అందువల్ల దీన్ని జాగ్రత్తగా చదవండి.

1940 అక్టోబరు 3న విషీ ప్రభుత్వం యూదుల స్థాయిని నిర్ణయించే చట్టం చేసింది. ప్రభుత్వోద్యోగాలు, సైన్యంలో అధికారి పదవులు, అధ్యాపక వృత్తి, పత్రికలు, సినిమా రంగం యూదులకు మూసుకుపోయాయి. మరునాటి చట్టం విదేశీ యూదులను శిబిరాలలో నిర్బంధించే అధికారం జిల్లా అధికారులకు ఇచ్చింది. 1941 జూన్‌లో ఇంకా కఠినమైన రెండో చట్టం వచ్చింది. 1942 జులై 16, 17 తేదీలలో పారిస్ ప్రాంతంలో ఫ్రెంచి పోలీసులు 13,152 మంది యూదులను అరెస్టు చేశారు. వారిలో 4,115 మంది పిల్లలు. జర్మన్లు మొదట పదహారేళ్ళ లోపు పిల్లలను అడగలేదు. వారిని కూడా పంపాలని ప్రతిపాదించినది లవాల్. ఆగస్టులో జర్మన్ సైనికుడు ఒక్కడూ లేని దక్షిణ భాగం నుంచి కూడా విదేశీ యూదులను పట్టి అప్పగించారు. యుద్ధం ముగిసేనాటికి ఫ్రాన్స్ నుంచి సుమారు 76,000 మంది యూదులు హత్యా శిబిరాలకు తరలిపోయారు. తిరిగి వచ్చినవారు సుమారు 2,500 మంది.

మైకేల్ మారస్, పాక్స్టన్ కలిసి 1981లో ప్రచురించిన గ్రంథం తొలి చట్టాలు జర్మన్ ఆజ్ఞతో వచ్చినవి కావని, విషీ సొంత చొరవతో వచ్చినవని దస్తావేజులతో చూపింది. సెర్జ్ క్లార్స్‌ఫెల్డ్ 1983, 1985లలో వెలువరించిన రెండు సంపుటాలు అరెస్టుల నిర్ణయాలను దాదాపు రోజువారీగా పునర్నిర్మించాయి. క్లార్స్‌ఫెల్డ్ విషీ బాధ్యతను తగ్గించలేదు. కాని చిత్రానికి ఒక ముఖ్యాంశం చేర్చాడు. 1942 ఆగస్టు 23న తూలూజ్ ఆర్చిబిషప్ సలియేజ్ తన చర్చిలలో యూదుల పక్షాన లేఖ చదివించాడు. మరికొందరు మతాధికారులూ గొంతు విప్పారు. జనం విముఖత చూసి విషీ వెనక్కి తగ్గింది. ఆ తరవాత తరలింపుల వేగం తగ్గింది. అంటే విషీకి బేరమాడే శక్తి కొంత ఉంది. ఆ శక్తిని అది జులైలో వాడలేదు.

దీనికి ఎదురుగా 2012లో ఆలాన్ మిషెల్ పాత వాదానికి కొత్త రూపం ఇచ్చాడు. ఫ్రాన్స్‌లోని యూదులలో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది బతికారు. నెదర్లాండ్స్‌లో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది చనిపోయారు. విదేశీ యూదులను ఇచ్చి ఫ్రెంచి యూదులను కాపాడే విధానమే ఈ తేడాకు ఒక ముఖ్య కారణమని ఆయన వాదన. ఈ వాదం రాజకీయ వేదికల మీద కూడా వినిపించింది. లోరాన్ జోలీ వంటి చరిత్రకారులు దీన్ని గట్టిగా ఖండించారు.

ఈ వాదనను మీరు మూడు మెట్లలో పరీక్షించవచ్చు.

మొదటి మెట్టు: అంకె సరైనదేనా? సరైనదే. దాన్ని కాదనవలసిన పని లేదు.

రెండో మెట్టు: ఆ అంకెకు కారణం విషీయేనా? ఇక్కడ జాగ్రత్త పడాలి. రెండు విషయాలు ఒకే కాలంలో ఉన్నంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణం కాదు. ఫ్రాన్స్ విశాలమైన దేశం. కొండలు, మారుమూల పల్లెలు, స్పెయిన్, స్విట్జర్లాండ్ సరిహద్దులు ఉన్నాయి. ఇటలీ సైన్యం ఆక్రమించిన ఆగ్నేయ ప్రాంతంలో 1943 సెప్టెంబరు దాకా యూదులకు కొంత రక్షణ దొరికింది. జాక్ సెమలన్ 2013లో ప్రచురించిన అధ్యయనం యూదులు తమంతట తాము వేసిన ఎత్తులను, పొరుగువారు, ఉపాధ్యాయులు, రైతులు చేసిన చిన్న చిన్న సహాయాలను చూపింది. వీరిలో చాలామంది విషీ వల్ల కాదు, విషీ పోలీసులకు కనిపించకుండా దాక్కోవడం వల్ల బతికారు. ఫ్రెంచి యూదుల అరెస్టును విషీ కొంత కాలం వాయిదా వేయించిందన్నది నిజమే. అయినా తరలిపోయినవారిలో దాదాపు మూడో వంతు ఫ్రెంచి పౌరులు. వారిలో చాలామంది విదేశీ తల్లిదండ్రులకు ఫ్రాన్స్‌లో పుట్టిన పిల్లలు.

మూడో మెట్టు: 'కాపాడటం' అన్న మాట ఇక్కడ సరిపోతుందా? తన ఆశ్రయంలో ఉన్న పరాయివారిని అప్పగించి తనవారికి గడువు సంపాదించడాన్ని రక్షణ అనవచ్చా? ఏ దస్తావేజూ దీన్ని తేల్చదు. ఇది మీరు తీర్పు చెప్పవలసిన చోటు. కాని ఆ తీర్పు మొదటి రెండు మెట్లు ఎక్కిన తరవాతే చెప్పాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
1. క్లార్స్‌ఫెల్డ్ పరిశోధన చేర్చిన కొత్త అంశం ఏమిటి?
2. బతికినవారి సంఖ్య ఒక్కటే విషీ విధానానికి సమర్థన ఎందుకు కాదు?

9.7 పెటైన్ వ్యక్తిగత బాధ్యత

విషీ ప్రభుత్వం గురించి ఏకాభిప్రాయం పెరిగినా, పెటైన్ గురించి ఒక సందేహం మిగిలింది. ఎనభై దాటిన మనిషి, చుట్టూ ఉన్నవారి చేతిలో కీలుబొమ్మ కాలేదా?

మార్క్ ఫెర్రో 1987లో రాసిన జీవిత చరిత్ర ఈ బొమ్మను చాలావరకు చెరిపింది. పెటైన్‌కు సొంత ఆలోచనలు ఉన్నాయని, మంత్రులను పెట్టడం, తీయడం ఆయనే చేశాడని చూపింది. 2010లో మరో ఆధారం బయటపడింది. 1940 అక్టోబరు చట్టం ముసాయిదా ప్రతి మీద పెటైన్ చేతిరాతగా గుర్తించిన సవరణలు ఉన్నాయి. 1860కి ముందు ఫ్రెంచి పౌరసత్వం పొందిన కుటుంబాల యూదులకు ముసాయిదాలో ఉన్న మినహాయింపును ఆ కలం కొట్టివేసింది. నిషేధం వర్తించే వృత్తులను పెంచింది. ఇది ఫ్రెంచి యూదులను కాపాడాలనుకొన్న చేయి చేసే పని కాదు.

గమనించవలసిన సంగతి ఏమంటే, అప్పటి విదేశాంగ మంత్రి బోదువాన్ 1948లోనే తన జ్ఞాపకాలలో ఆనాటి మంత్రిమండలి సమావేశంలో అందరికన్నా కఠినంగా మాట్లాడినది మార్షలే అని రాశాడు. ఆధారం ఉంది. దాన్ని ప్రశ్నించినవారు అప్పుడు తక్కువ. ఆధారాలు తమంతట తాము మాట్లాడవు. సరైన ప్రశ్న అడిగేవరకు అవి అల్మారాలో ఊరికే పడి ఉంటాయి.

అదే సమయంలో రెండో వైపు ఆధారాన్ని దాచకూడదు. 1927 తరవాత పౌరసత్వం పొందిన యూదులందరికీ ఒక్క దెబ్బతో పౌరసత్వం రద్దు చేసే చట్టం మీద 1943 ఆగస్టులో పెటైన్ సంతకం పెట్టడానికి ఒప్పుకోలేదు. సమర్థకులు దీన్ని మానవత్వంగా చూస్తారు. అప్పటికి ముస్సోలిని పడిపోయాడు, జర్మనీ ఓటమి కనిపిస్తున్నది, మతాధికారుల వ్యతిరేకత తెలిసినదే అని విమర్శకులు గుర్తు చేస్తారు. ఉద్దేశం ఏదైనా, ఈ నిరాకరణ ఒక ప్రశ్నను ముందుకు తెస్తుంది. 1943లో కాదనగలిగినవాడు 1942లో ఎందుకు కాదనలేదు? 1942 జులై 3న జరిగిన మంత్రిమండలి సమావేశంలో విదేశీ, ఫ్రెంచి యూదుల మధ్య తేడా చూపడం న్యాయమేనని, ప్రజలు దాన్ని అర్థం చేసుకొంటారని ఆయన ఆమోదించాడు.

9.8 ప్రజాభిప్రాయం, జ్ఞాపకం

పెటైన్‌ను ప్రజలు ఎంతవరకు బలపరిచారు? 1940లో దాదాపు అందరూ ఆయన వెంట ఉన్నారన్న మాట ఎంత ప్రచారంలో ఉందో, దేశమంతా ప్రతిఘటించిందన్న మాట కూడా అంతే ప్రచారంలో ఉండేది. పియర్ లబోరీ 1990లో ప్రచురించిన అధ్యయనం ఈ రెండింటినీ సరిదిద్దింది. వెర్డూన్ వీరుడి మీద గౌరవం వేరు, ఆయన ప్రభుత్వ విధానాల మీద ఆమోదం వేరు. చాలామంది మార్షల్‌ను గౌరవిస్తూనే జర్మన్లను ద్వేషించారు, ఇంగ్లండ్ గెలవాలని కోరుకొన్నారు. విధానాల మీద నమ్మకం 1941 నుంచే సడలసాగింది.

హెన్రీ రూసో 1987లో మరో దారి పట్టాడు. ఆయన పరిశీలించినది విషీని కాదు, యుద్ధం తరవాతి ఫ్రాన్స్ విషీని ఎలా గుర్తుంచుకొన్నదీ, ఎలా మరచిపోయిందీ అన్న విషయాన్ని. ఈ దృష్టితో చూస్తే కొన్ని ప్రభుత్వ చర్యలు కూడా ఆధారాలే. అధ్యక్షుడు మితెరాఁ 1987 నుంచి 1992 వరకు ఏటా నవంబరు 11న పెటైన్ సమాధి మీద పుష్పగుచ్ఛం ఉంచే ఏర్పాటు చేశాడు. 1995 జులై 16న అధ్యక్షుడు షిరాక్ 1942 అరెస్టులలో ఫ్రెంచి రాజ్యం బాధ్యతను బహిరంగంగా అంగీకరించాడు. ఈ రెండింటి మధ్య ఉన్న దూరం మూడేళ్ళ లోపే. అయినా ఆ అంగీకారం వెనక ఇరవై ఏళ్ళకు పైబడిన పరిశోధన ఉంది.

9.9 భేదాభిప్రాయాలను తూకం వేయడం ఎలా?

ఇంతవరకు చూసిన భేదాలను మూడు రకాలుగా విడదీయవచ్చు.

(అ) ఆధారాలతో తేలినవి: యూదు వ్యతిరేక చట్టాలు ఎవరి చొరవ? సహకారాన్ని ఎవరు కోరారు? పెటైన్ కీలుబొమ్మా? వీటి విషయంలో ఆరన్ పక్షం నిలబడలేదు. మీ సమాధానంలో దీన్ని స్పష్టంగా చెప్పండి. 'భిన్నాభిప్రాయాలు ఉన్నాయి' అని తప్పించుకోకండి.

(ఆ) ఇంకా తేలనివి: 1940 జూన్‌లో వేరే దారి ఉందా? ప్రభుత్వం అల్జీరియాకు వెళ్ళి యుద్ధం కొనసాగించగలిగేదా అన్నది జరగని చరిత్ర. నౌకాదళం, వలసలు ఉన్నాయి కాబట్టి సాధ్యమేనని కొందరు, ఉత్తర ఆఫ్రికాలో ఆయుధాలు, పరిశ్రమలు లేవు కాబట్టి ప్రజలు మరింత నలిగేవారని మరికొందరు అంటారు. ఇక్కడ మనకు దగ్గరి ఉదాహరణ ఒకటి ఉంది. పుదుచ్చేరి కేంద్రంగా ఉన్న ఫ్రెంచి ఇండియా 1940 సెప్టెంబరులో డీగాల్ పక్షాన చేరింది. గోదావరి తీరాన తెలుగు మాట్లాడే యానాం అందులో భాగమే. కాబట్టి విషీని కాదనడం ఫ్రెంచి అధికారులకు అసాధ్యం కాలేదు. కాని ఈ ఉదాహరణను అవసరానికి మించి సాగదీయకండి. చుట్టూ బ్రిటిష్ ఇండియా ఉన్న చిన్న స్థావరాలకు డీగాల్ పక్షం చేరడం తేలిక. జర్మన్ సైన్యం గుమ్మంలో ఉన్న దేశానికి అది తేలిక కాదు.

(ఇ) తీర్పుకు సంబంధించినవి: వెర్డూన్ సేవ విషీ నేరాన్ని తగ్గిస్తుందా? ఒకరిని ఇచ్చి మరొకరికి గడువు కొనడం క్షమించదగినదా? ఇక్కడ చరిత్రకారుడికి ప్రత్యేక అధికారం ఏమీ లేదు. మీకు ఎంత ఉందో ఆయనకూ అంతే. కాని తీర్పు చెప్పేవారు తేలిన వాస్తవాలను వక్రీకరించి దానికి సాయం తెచ్చుకోకూడదు.

ఈ విభజన ఎందుకు అవసరం? 'కాపాడటానికే చేశాను' అన్న మాట ఒక్క పెటైన్ అన్నది కాదు. ఆక్రమణలో పనిచేసిన ప్రతి అధికారీ అనగలిగిన మాట అది. అరెస్టు జాబితా రాసిన గుమాస్తా, తలుపు తట్టిన పోలీసు, రైలు నడిపిన ఉద్యోగి కూడా అదే అనవచ్చు. పెటైన్ విషయంలో ఆ మాటను పరీక్షించకుండా ఒప్పుకొంటే మిగిలినవారందరి విషయంలోనూ ఒప్పుకొన్నట్టే. పరీక్షించకుండా తోసిపుచ్చినా తప్పే. అప్పుడు నిజంగా కాదన్నవారికీ, కాదన్నానని తరవాత చెప్పుకొన్నవారికీ తేడా పోతుంది.

9.10 సారాంశం

పెటైన్ గురించిన తొలి వ్యాఖ్యానాలు 1945 విచారణలో రూపుదిద్దుకొన్నాయి. 1954లో ఆరన్ వాటిని డాలు–కత్తి వాదంగా స్థిరపరిచాడు. తరవాతి సాక్ష్యాల మీద ఆధారపడిన ఆ వాదాన్ని 1972లో పాక్స్టన్ ఆనాటి దస్తావేజులతో పూర్వపక్షం చేశాడు. మారస్, క్లార్స్‌ఫెల్డ్, ఫెర్రో, లబోరీ, రూసో, జోలీ, సెమలన్ వేర్వేరు ప్రశ్నలతో ఆ చిత్రాన్ని విస్తరించారు, సరిదిద్దారు. మిషెల్ వంటివారి వాదన సరైన అంకెతో మొదలై, నిరూపణ కాని కారణం దగ్గర తడబడుతుంది. సహకారం, యూదు వ్యతిరేక చట్టాల విషయంలో విషీ చొరవ నేడు తేలిన సంగతి. 1940లో ఉన్న అవకాశాలు, పెటైన్ ఉద్దేశాలలోని మార్పులు, అంతిమ నైతిక తీర్పు ఇంకా చర్చలో ఉన్నాయి.

9.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తులలో సమాధానం రాయండి.
1. డాలు–కత్తి వాదాన్ని వివరించి, అది ఎందుకు బలహీనపడిందో చర్చించండి.
2. యూదుల విషయంలో విషీ ప్రభుత్వ బాధ్యతపై చరిత్రకారుల అభిప్రాయాలను విమర్శనాత్మకంగా పరిశీలించండి.

II. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 పంక్తులలో సమాధానం రాయండి.
1. పాక్స్టన్ చేసిన మూడు నిర్ధారణలు ఏమిటి?
2. లబోరీ, రూసో పరిశోధనల మధ్య తేడా ఏమిటి?
3. ఒక సంఘటన జరిగిన రోజున రాసిన దస్తావేజుకూ, పదేళ్ళ తరవాత చెప్పిన సాక్ష్యానికీ మధ్య తేడాను ఈ పాఠం నుంచి ఒక ఉదాహరణతో వివరించండి.